బెత్తెడు పైకి జరిపిన కొలబద్ద

ఎండ పేలిపోతోంది. చినుకు పడి పది రోజులైంది. అయినా రేవు క్వార్టర్స్‌లో కూతురికి ఇస్తామన్న కింది వాటా బాత్రూంలో తూములోంచి నీళ్లు బుడబుడమంటూ పైకొస్తున్నాయి. చీపురు పట్టుకుని కడగడానికి వెళ్లిన తల్లి వంగి చూసింది. ఆ నీళ్లలో చిటికెన వేలంత రొయ్యపిల్ల గిలగిలా కొట్టుకుంటోంది.

"ఇది సముద్రమే! వచ్చి చూడవే!"

కూతురు రేవు ఆస్పత్రిలో నర్సు. మూడు నెలల పసిదాన్ని భుజాన వేసుకుని తొంగి చూసింది. "ఒకటేనా? ఇంకో నాలుగు రానీ, కూరకి సరిపోతాయి."

"నవ్వు, నవ్వు. ధ్రువాల దగ్గర నేల మీదున్న మంచు కరిగి సముద్రంలోకి వస్తోందని రేడియోలో మొత్తుకుంటున్నారు. అదంతా ఎక్కడికి పోతుంది? తీరాలన్నీ మారిపోతాయట!"

"మొన్న గ్యాసు పేలుతుందన్నావు. నిన్న ఫ్యాను ఊడిపడుతుందన్నావు. ఇవాళ సముద్రమా అమ్మా?"

తల్లి భయాలన్నీ చిల్లరగా ఖర్చుపెట్టేసుకుంది, అసలుది వచ్చేసరికి వినే దిక్కు లేదు. సోమవారం సంతకం పెడితే పిల్ల ఉయ్యాల ఈ గదిలోనే కడతారు. ఒకరోజు అందరూ నిద్రలో ఉండగా ఆ తూము పొంగితే? ఆ పైన ఆలోచించడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

భర్తకు చెబితే ఆయన చేయి విసిరాడు. జెట్టీ స్తంభానికి బిగించిన కొలబద్ద చూసి, పోటు ఎంతవరకు వచ్చిందో రోజూ రాయడమే ఆయన ఉద్యోగం.

"ముప్పై ఏళ్లుగా పోటు అంకె మారలేదే. నా చేత్తో రాశాను. ఇంజనీరుగారు ఆ రిజిస్టరు చూసే కింది వాటాలకి సరేనన్నారు. సముద్రానికి లేని తొందర నీకెందుకు?"

అంకెలతో ఆమె పోట్లాడలేదు. మర్నాడు క్యారియరు పట్టుకుని జెట్టీకి వెళ్లింది. పెళ్లయిన కొత్తలో ఆయన తింటుంటే ఆమె నాలుగో మెట్టు మీద కూర్చునేది, నిండు పోటులోనూ పాదం తడిసేది కాదు. ఇప్పుడా మెట్టు నాచు పట్టి జారుతోంది. తల తిప్పి స్తంభం వైపు చూసింది. కొలబద్ద కింద తుప్పు కారిన పాత కన్నాలు రెండు వరసలు కనిపించాయి.

"ఏమండీ, ఆ కన్నాలేంటి?"

ఆయన ముద్ద నోటి దగ్గరే ఆగింది. "గుల్లలు పట్టేసి కింది అంకెలు కనపడక చచ్చాను. బెత్తెడు పైకి బిగించా. కొన్నేళ్లకి ఇంకో బెత్తెడు. అంతే."

"రిజిస్టరులో రాశారా?"

"బద్ద జరిపితే సముద్రం జరుగుతుందా? రాయడానికేముంది?"

"పసిదాన్ని కొలిచే టేపుని దాంతోపాటే పైకి లాగుతూ, ఎదగట్లేదని రాసుకున్నట్టుంది! వెళ్లి ఇంజనీరుగారికి చెప్పండి."

"ముప్పై ఏళ్లకి చెప్పి నవ్వులపాలు కానా?"

ఆ సాయంత్రం ఆమే ఆఫీసుకు వెళ్లింది. ఇంజనీరు రిజిస్టరు తిరగేశాడు. "ఇందులో లేదు కదమ్మా. ఆయన్నే వచ్చి చెప్పమనండి." ఇంటికొచ్చి చెబితే భర్త గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎవర్ని కదిపినా గోడే. ఆదివారం దాకా ఆమె ఒకే మాట అంది: "ఉయ్యాల కట్టేది మీరేగా. కట్టండి. దాని కిందే పక్కేసుకుని తూముకి కాపలా కూడా కాయండి."

సోమవారం ఆఫీసులో కూతురు పెన్ను తీసింది. గుమ్మంలో నిలబడ్డ తండ్రి గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా, కొలబద్దని నేనే జరిపాను. రెండుసార్లు."

"ఎప్పుడెప్పుడు?"

"మొదటిసారి ఈ పిల్ల బడికెళ్లే రోజుల్లో. రెండోది... గుర్తు లేదండీ."

ఇంజనీరు నుదురు రుద్దుకున్నాడు. "తేదీ లేకపోతే లెక్క ఎలా సరిచేయను? మళ్లీ కొలిపించాలంటే రెండేళ్లు. అందాకా వాటాలు ఖాళీగా ఉంచమంటారా?"

"ఉంచండి!" అని తల్లి అరిచింది. ఎవరూ పట్టించుకోలేదు.

కూతురు పెన్నుకు మూత పెట్టింది. "నాన్న తప్పు ఒప్పుకోవడం నేను పుట్టాక ఇదే చూడటం. ఈ వాటా నాకొద్దు సార్."

ఇంజనీరు తలెత్తకుండానే, "తర్వాతెవరు?" అన్నాడు. బయట బెంచీ మీంచి ఓ జంట లేచింది. ఆ అమ్మాయికి నెలలు నిండినట్టున్నాయి. నవ్వుకుంటూ తాళం తీసుకుని వెళ్లిపోయారు.

తల్లి వాళ్ల వెనకే పరుగెత్తబోయింది. భర్త చెయ్యి పట్టుకున్నాడు. "మన పిల్ల బయటపడిందిగా, ఇంకా ఏంటే?"

"రాసింది మీరు. మీరూ రండి."

క్వార్టర్స్ గుమ్మం దగ్గర అందుకున్నారు. తూము, బద్ద, కన్నాలు, మంచు ఆమె నోట్లోంచి కలగాపులగంగా వచ్చిపడ్డాయి. ఆ అమ్మాయి జాలిగా చూసింది.

"అంతా బాగుందని ఆఫీసువాళ్లే అన్నారు పెద్దమ్మా. వాళ్లకంటే మీకెక్కువ తెలుసా?"

తల్లి భర్తకేసి చూసింది. ఆయన నేలచూపులు చూస్తూ, "తెలుసమ్మా," అన్నాడు.

ఆ అమ్మాయి అప్పటికే తలుపు తీసింది.