కెంట్ వైపు

"ఈసారైనా మంచి చోటు చూశావా లోర్నా?" అన్నాడు మా ఆయన గ్రాహం. నేను శాండ్‌విచ్‌ల కోసం గుడ్లు వలుస్తున్నాను.

ఏటా ఏప్రిల్ చివర్లో ఒక ఆదివారం వాళ్ళమ్మ బెరిల్‌కి అడవిలో నేలంతా పూసే నీలం బ్లూబెల్ పూలు చూపించాలి. చూపించేది గ్రాహం. చోటు వెతికేది నేను. లండన్ చుట్టూ అడవులకు కొదవ లేదు. కానీ బెరిల్‌కి టాయిలెట్ దగ్గర్లో ఉండాలి, దారి చదునుగా ఉండాలి, టీ దొరకాలి. గ్రాహంకి కారు పెట్టుకునే చోటుండాలి, దానికి డబ్బు అడగకూడదు. పూలు విచ్చుకుని ఉండాలి, వాడిపోయి ఉండకూడదు. ఎక్కడ ఎండ కాసిందో, ఏ వాలులో ముందు పూస్తాయో, నిన్న ఎవరు చూసి వచ్చారో నేను పనిచేసే స్కూలు ఆఫీసులో మధ్యాహ్నం భోజనం వేళ నేను కనుక్కోవాలి. కిందటేడు తొందరపడి వెళ్ళాం. ఆకులు తప్ప ఏమీ లేవు. "ఇంతకంటే నీలం నా టాయిలెట్ క్లీనర్లో ఉంది" అంది బెరిల్. ఇంటికొచ్చేదాకా తల్లీకొడుకులు ఆ మాట చెప్పుకుని నవ్వుతూనే ఉన్నారు. అంతకు ముందేడు పూలు బాగా పూశాయి. అప్పుడేమో "మా గ్రాహం తీసుకెళ్ళాడు" అని వీధంతా చెప్పింది.

ఒక్క అడవి గురించి మాత్రం వాళ్ళకి చెప్పలేదు. బస్సు దిగి పొలం గట్టు వెంట నడవాలి. అక్కడ హేజెల్ చెట్లు నరికినచోట ఎండ పడి, నేలంతా నీలంగా ఉంటుంది. బోర్డు లేదు, టీ లేదు. ఏటా పళ్ళ డాక్టరు దగ్గరికని చెప్పి వెళ్తున్నాను. ఒక మొద్దు మీద కూర్చుంటాను. గొప్ప ఆలోచనలేమీ రావు. అక్కడ నన్నెవరూ ఏమీ అడగరు, అంతే. మొదటిసారి ఆ సంగతి గమనించినప్పుడు భయం వేసింది. ఎవరో పిలుస్తున్నారనిపించి రెండుసార్లు లేచి నిలబడ్డాను. అలా లేవడం మానడానికి మరో వసంతం పట్టింది.

హాల్లోంచి బెరిల్ పిలిచింది. "అమ్మాయ్, ఇదెక్కడిది? ఎంత బావుందో!"

ఆమె చేతిలో మా ఇంటి ట్యాబ్ ఉంది. నా ఫోన్లో తీసిన ఫోటోలు అందులోకి వాటంతటవే వచ్చి చేరతాయి. ఆ సంగతి మర్చిపోయాను.

గ్రాహం చూశాడు. తేదీ చూశాడు. "మంగళవారం. నువ్వు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజు."

"అవును."

"ఎవరితో వెళ్ళావు?"

"ఒక్కదాన్నే."

"ఒక్కదానివే అడవికా? ఎందుకు?"

ఎవడో మగవాడున్నాడని చెప్తే ఇంతకంటే తేలిగ్గా అర్థమయ్యేదేమో. చేతికంటిన గుడ్డు పెంకు కడుక్కున్నాను. అతను నా మొహం చూస్తూ నిలబడ్డాడు. తర్వాత గొంతు మార్చాడు. "సరే, ఇవాళ అక్కడికే పోదాం. ఎక్కడది?"

"కెంట్ వైపు."

కెంట్ అంటే లండన్ పక్కనున్న పెద్ద జిల్లా. పూలు చూసేవాళ్ళు తమ అడవి గురించి బయటివాళ్ళతో అంతకు మించి చెప్పరు.

"ఆ మాట కుక్కని తిప్పేవాళ్ళకి చెప్పు. నేను నీ మొగుణ్ణి."

పూలు బాగా పూసిన ఆ ఏడు నేను వెతికిన అడవి పేరు అతను మా వీధి గ్రూపులో పెట్టాడు. తర్వాతి ఆదివారం అక్కడ పిల్లల్ని తోసే బళ్ళు, కుక్కలు, పూల మధ్య పడుకుని ఫోటో దిగుతున్న పెళ్ళికూతురు. ఆకు నలిగితే కింద దుంపకి తిండి అందదు. తొక్కినచోట మళ్ళీ పూలు రావడానికి ఏళ్ళు పడుతుంది. తనకొచ్చిన లైకుల గురించి గ్రాహం ఇప్పటికీ చెప్తాడు.

కారులో బెరిల్ ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. గ్రాహం ఫోన్లో దారి పెట్టడానికి వేలు సిద్ధంగా ఉంచుకున్నాడు. "ఊరి పేరు చెప్పు."

నేను శాండ్‌విచ్‌ల బుట్టతో కారు బయటే నిలబడ్డాను.

"అమ్మకి ఎనభై ఆరు లోర్నా. ఇంకెన్నిసార్లు చూస్తుంది?"

"నాకోసం మీరు పోట్లాడుకోకండర్రా" అంది బెరిల్, బెల్టు తీయకుండానే.

ఇంకో అడవి పేరు చెప్పొచ్చు. టాయిలెట్టూ టీ కొట్టూ ఉన్నవి నాలుక చివర ఎన్నో ఉన్నాయి. పళ్ళ డాక్టరు మాటలాగే అదీ సాఫీగా వచ్చేస్తుంది. తర్వాత ఆ మొద్దు మీద కూర్చున్నా, ఇంటికెళ్ళి ఏం చెప్పాలో అల్లుకుంటూనే ఉంటాను. ఇన్నేళ్ళూ ఆ అబద్ధం నా వెంటే వచ్చిందని, అక్కడ నేను పూర్తిగా ఒంటరిగా లేనని అప్పుడు తెలిసింది.

బుట్ట వెనక సీట్లో పెట్టి, బయటి నుంచి తలుపు వేశాను.

"ఎక్కవా?" అన్నాడు గ్రాహం.

"ఎక్కను. ఆ అడవికి బస్సులో వెళ్తున్నాను. ఒక్కదాన్నే. అదెక్కడుందో నాకు తెలుసు, చెప్పను."

బెరిల్ అద్దం దించింది.

"మరి మాకు చోటెవరు చూస్తారమ్మాయ్?"

"గ్రాహం చూస్తాడు" అన్నాను.