మొదటి పేజీ తర్వాత

...అయినా ఒంట్లో బాగోలేదని చెప్పి దిగిపోవచ్చు, అప్పుడు పైవాళ్లూ తప్పు పట్టరు, తోటివాళ్లూ పట్టరు అనుకుంటూ ఆమె వేదిక మీది కుర్చీ అంచున కూర్చుని ఉంది. ఒళ్లో ఫోను. ఫోను నుంచి ఒక వైరు హాలు స్పీకర్లకు వెళుతోంది. యూనివర్సిటీ డిజిటల్ విభాగం డైరెక్టర్ స్వయంగా తగిలించాడు దాన్ని. తగిలించి ఆమె భుజం తట్టాడు. “భయపడకమ్మా, మొదటి పేజీ ఒక్కటే” అన్నాడు. ఆయన చెయ్యి తీసేసినా భుజం మీద బరువు దిగలేదు.

హాస్టల్లో ఆమెను పిల్లి అంటారు. చూపు లేని మిగతావాళ్ల కర్రలు వరండాలో టకటకలాడతాయి. ఆమె కర్ర మాత్రం నేలను తాకీ తాకనట్టు పోతుంది. తను వస్తున్నట్టు ఎవరికీ తెలియకపోతే ఎవరూ పొమ్మనరని చిన్నప్పుడే ఆమెకెందుకో అనిపించింది.

ఇదంతా పరీక్ష గదిలో మొదలైంది. పరీక్ష కంప్యూటర్ మీద. పక్క కుర్చీలో మేస్త్రి. అందరి మీదా అజమాయిషీ చేస్తాడని ఆ పేరు పెట్టారు. అతనికీ చూపు లేదు. జవాబులన్నీ రాసి, పంపించే బటన్ కోసం వెతికాడు. తెర మీది మాటలు చదివి వినిపించే కంప్యూటర్ అతని చెవిలో “బటన్, బటన్, బటన్” అంటోంది తప్ప ఏది దేనికో చెప్పడం లేదు. “సార్, పంపేది ఏదో చెప్పండి” అన్నాడు. “చెబితే నా ఉద్యోగం పోతుంది బాబూ” అన్నాడు గదికి కాపలా ఉన్న మాస్టారు. కీబోర్డు చప్పుడు వేగం పెరిగింది. ఆగింది. టైమైపోయింది. మేస్త్రి నవ్వాడు. అతనికి సున్నా వేశారు.

లైబ్రరీవాళ్లు ఫోన్లలోకి ఎక్కించిన పుస్తకాలూ అంతే, ఒక్క ముక్క వినపడదు. భోజనాల హాల్లో మీటింగు పెట్టారు.

“మేం లేమా? పుస్తకాలు మేం చదివి పెడతాం” అన్నాడు చూపున్న విద్యార్థి నాయకుడు.

“ఎన్నాళ్లు బాబూ? నీకు లవ్వు కుదిరేదాకానా?” అన్నాడు మేస్త్రి. హాలంతా గొల్లుమంది. “దయ వద్దురా. నా పుస్తకం నేను చదువుకోవాలి. నువ్వు చదువుకోవట్లా?”

అప్పుడే లైబ్రరీలో స్కానింగ్ చేసే అక్క లోపలికొచ్చింది. కాంట్రాక్టరు కింద పనిచేసే ఆడవాళ్లలో పెద్దది.

“మన పుస్తకాలు తగలేసింది ఈవిడేనా?” ఎవరో అరిచారు.

“నేనే” అంది అక్క. “కాంట్రాక్టరు పేజీకింత అని ఇస్తాడు. ఫొటో తియ్యడం, ఎక్కించడం. ఫొటో కింద ఏదో ఒక మాట లేకపోతే కంప్యూటర్ ఎర్రగీత పెడుతుంది. ‘పేజీ’ అని కొడితే పచ్చ టిక్కు పడుతుంది. పచ్చ టిక్కు పడితే మీకు వినపడుతుందనే అనుకున్నాం నాయనా. కాదని చెప్పినవాడు లేడు.”

మేస్త్రి ముందుకొచ్చాడు. తన ఫోన్లో లైబ్రరీ పుస్తకంలోని మూడో పాఠం పెట్టి, ఇయర్‌ఫోన్ లాగేశాడు. “పేజీ. పేజీ. పేజీ.” ఫొటోలోని అక్షరాలు కాదు, కింద కొట్టిన మాటే చదువుతోంది ఫోను. అక్క విన్నది.

“ఆపవయ్యా” అంది చివరికి. “సరిగ్గా చెయ్యాలంటే అక్షరం అక్షరం టైపు చేసి సరిచూడాలి. దానికి వాడు కూలివ్వడు.”

“అయితే అక్కా, మీ కూలీ మా చదువూ ఒకడి జేబులోనే ఉన్నాయి” అన్నాడు మేస్త్రి.

ఈ డిజిటల్ పుస్తకాలను చూడటానికి పైనుంచి తనిఖీ బృందం వచ్చే రోజు అందరూ హాల్లో కూర్చుని, అందరి ఫోన్లలోనూ మూడో పాఠం పైకి వినిపించాలని తీర్మానం. పుస్తకాలు టైపు చేయించాలి, పరీక్ష మళ్లీ పెట్టాలి, చేసిన పనికి కూలివ్వాలి. ఆమె కూడా చెయ్యెత్తింది. తన చెయ్యి ఎవరైనా చూశారా అని వెంటనే భయమేసింది.

చూశారు. మర్నాడే డైరెక్టర్ పిలిపించాడు. “నువ్వు బుద్ధిమంతురాలివి. తనిఖీవాళ్లకు నీ ఫోన్లో మొదటి పేజీ నువ్వే వినిపించాలి. హాస్టల్ సీటు వచ్చే ఏడూ ఉండాలి కదా?”

ఫోన్లో అమ్మ ఏడ్చింది. “నలుగురిలో నోరెత్తకు తల్లీ. ఆ సీటు పోతే మళ్లీ ఆ గదిలోనే కదే నీ బతుకు!”

ఆ గది. కిటికీ అవతల పిల్లలు బడికి పోతుంటే చెప్పుల చప్పుళ్లు వింటూ పెరిగిన గది.

మేస్త్రికి చెబితే, “వెళ్లు. నిన్నేమీ అనం” అన్నాడు. “నాకు మాత్రం భయం లేదా? పోగొట్టుకోడానికి నా దగ్గర మిగల్లేదు, అంతే.” తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు హాలు నిండుగా ఉంది. గుమ్మం దగ్గరే గార్డులు అందరి ఫోన్లూ లాక్కున్నారు. మిగిలింది ఆమె ఒళ్లో ఉన్నది ఒక్కటే. డైరెక్టర్ సైగగా దగ్గాడు. ఆమె తెరను తాకింది. మొదటి పేజీ చక్కగా, స్పష్టంగా చదివింది ఫోను. ఆ ఒక్క పేజీ అక్క చేతే టైపు చేయించారు. ముందు వరసలో చప్పట్లు. “చాలా బాగుంది” అంది తనిఖీకి వచ్చినావిడ.

అయిపోయింది. ఇక దిగిపోవచ్చు.

వెనక వరసలో ఒక కర్ర నేల మీద టక్కుమంది. ఇనప మొన చప్పుడు. మేస్త్రిది. పక్కనే ఇంకొకటి. ఇంకొకటి.

“ఏయ్, ఆపండి!” బూట్లు పరిగెత్తాయి. కుర్చీ పడింది. లాక్కున్న కర్ర ఒకటి దొర్లుకుంటూ వచ్చి వేదికకు తగిలింది. ఎవరినో ఈడుస్తున్నారు.

“చెయ్యి తియ్యి! చూసే కళ్లు లేవనుకున్నావా? మేమున్నాం!” అక్క గొంతు. ఆ వెంటే చాలామంది ఆడవాళ్లు లేచిన అలికిడి. కర్రలు ఆగలేదు. మేస్త్రి కర్ర మాత్రం వినపడటం లేదు.

డైరెక్టర్ ఆమె వైపు వస్తున్నాడు, వైరు కోసం. బూట్ల చప్పుడు ఆమెకు తెలుసు. ఆ గది, ఆ కిటికీ, ఆ చెప్పుల చప్పుళ్లు. భయం పోతే చేద్దామనుకుంది ఇంతసేపూ. అది పోదని ఇప్పుడు తెలిసింది. ఆ భయంతోనే తెరను పక్కకు, రెండో పేజీకి జరిపింది.

“పేజీ” అంది ఫోను, హాలంతా వినపడేలా.

ఆమె మళ్లీ జరిపింది.