ఆ తల్లి ఎలా ఉంది?

"భుజం దగ్గర ముడత అలాగే ఉంది చూడు" అన్నారు మా ఆయన, గుమ్మంలో నిలబడే.

ఆయన తెల్ల అంగీకి నేను ఇస్త్రీ పెట్టడం ఇది మూడోసారి. రేపు ఆదివారం ఈ అంగీ వేసుకుని, సముద్రాల అవతలి నుంచి వచ్చిన లూథరన్ బిషప్పుగారి పక్కన నిలబడి మా సంఘం పాస్టరుగా ఒడంబడిక మీద సంతకం పెడతారు. ఇకమీదట వాళ్ళ సంఘం వాళ్ళూ మా సంఘం వాళ్ళూ ఒకే ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకోవచ్చు, ఒకరి గుడిలో ఒకరు ప్రసంగం చెయ్యవచ్చు. ఇంతదాకా రావడానికి పదకొండేళ్ళు పట్టింది. పదకొండేళ్ళూ వ్యవహారమంతా ఉత్తరాల మీదే నడిచింది. ఆ ఉత్తరాలు రాసింది నేను.

కాలేజీలో నేర్చుకున్న పుణ్యాన వాళ్ళ భాష ఇంట్లో నాకొక్కదానికే వచ్చు. మా ఆయన పడక్కుర్చీలో వెనక్కి వాలి, "మహాసభ తేదీలు, బాప్తిస్మం సంగతి, బల్ల సంగతి. మూడూ మర్యాదగా రాసి పడెయ్" అనేవారు. నేను పొయ్యి మీద కూర కలుపుకుంటూ, పాత ఆరాధన కాగితాల వెనక చిత్తు రాసుకుని, తర్వాత సాపు చేసేదాన్ని. ఆయన సంతకం చేసేవారు. చదివేవారు కాదు. "మావాడి ఉత్తరాలంటే పరాయి దేశంలో ఎంత గౌరవమో" అని మా అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవారు. ఆ వచ్చినవాళ్ళకి టీలు అందించేదాన్ని కూడా నేనే.

మూడో ఏడు పని ఆగిపోయింది. రొట్టెలో ప్రభువు నిజంగా ఉన్నాడని మీవాళ్ళు మనసారా నమ్ముతారా, లేక పుస్తకంలో ఉందని ఒప్పుకుంటారా అని వాళ్ళు గుచ్చి అడిగారు. మా ఆయన ఏడు పేజీల జవాబు చెప్పి రాయించారు. అది రాస్తున్నప్పటికి మా పాప పోయి నెల కాలేదు. పందొమ్మిది రోజులు బతికింది. "పందొమ్మిది రోజుల పిల్లకి ఇంత ఏడుపా? పాస్టరు పెళ్ళానివి, నలుగురూ చూస్తే ఏమనుకుంటారు" అన్నారు అత్తగారు. ఇంట్లో ఆ ఊసే ఎత్తకుండా ఉంటే త్వరగా తేరుకుంటానని మా ఆయన లెక్క. ఆ ఏడు పేజీల చివర నేనొక పేరా కలిపాను. మా సంఘంలో ఒక తల్లి బిడ్డను పోగొట్టుకుని, మరుసటి ఆదివారమే బల్ల దగ్గరికి వచ్చింది, పాటకి నోరు పెగల్లేదు, ప్రార్థనకి మాట రాలేదు, రొట్టె కోసం చెయ్యి మాత్రం చాపింది, మావాళ్ళు ఏం నమ్ముతారో ఆ చేతిని అడగండి అని రాశాను.

ఆ పేరాని వాళ్ళ సభలో చదివారట. పని ముందుకి సాగింది. "చూశావా, ఏడు పేజీలు ఊరికే పోలేదు" అన్నారు మా ఆయన. వాళ్ళ జవాబులో అసలు విషయమంతా అయ్యాక, చివర ఒక్క వాక్యం ఉంది. ఆ తల్లి ఎలా ఉంది?

తర్వాత ప్రతి ఉత్తరంలోనూ అడిగారు. ఆ తల్లి నిద్రపోతోందా? మళ్ళీ పాడుతోందా? నేను జవాబు రాసేదాన్ని. పాడుతోంది గానీ ఒక పాట దగ్గర ఆగిపోతోందని, పాప గౌను ఇంకా పెట్టె అడుగున దాచుకుందని. అటునుంచి కూడా కబుర్లు వచ్చేవి. మోకాలి నొప్పి, కిటికీలో ఎంతకీ పూయని మొక్క. అంత పెద్ద బిషప్పుగారికి ఇంత ఓపికా అని నాకు ఆశ్చర్యంగా ఉండేది. మా ఆయనకి చదివి వినిపించబోతే "పైపై కబుర్లు వదిలెయ్, విషయం చెప్పు" అనేవారు. వదిలేసేదాన్ని. లోకం మొత్తం మీద ఆ మాట అడిగిన మనిషి ఆ ఒక్కరే.

ఏడాదిగా ఆ ప్రశ్న రావడం లేదు. అంకెలు వేసిన అంశాలు, కింద సంతకం, అంతే. "నువ్వే ఏదో అనవసరపు రాతలు రాసి ఉంటావు. కుదిరిన పని చెడగొట్టేలా ఉన్నావు" అని మా ఆయన విసుక్కున్నారు. నేనూ అదే అనుకుని పాత చిత్తులన్నీ తీసి, నా తప్పు ఎక్కడుందా అని వరసగా చదువుకున్నాను.

సాయంత్రం ముందు గదిలో టీ ఇచ్చి, వాళ్ళిద్దరి మాటలూ అటూ ఇటూ చెప్పడానికి గోడ పక్కన నిలబడ్డాను. బిషప్పుగారు కప్పు కింద పెట్టి మాట్లాడారు. నేను మా ఆయనకి చెప్పాను:

"ఉత్తరాలు ఆయన రాసినవి కావట. వాళ్ళావిడ రాసేదట. ఆవిడ... పోయిన చలికాలంలో పోయిందట."



"తెలుసు. ఆఫీసుకి కార్డు వచ్చిందిగా, సంతాపం పంపించాం" అన్నారు మా ఆయన. "సొంత విషయం కదా, ఒడంబడిక పనికి సంబంధం లేదని నీకు చెప్పలేదు."

బిషప్పుగారు మళ్ళీ అందుకున్నారు. ఈ ఉత్తరాలు రాసే పాస్టరుగారికి మనుషుల బాధ తెలుసు అని ఆవిడ ఎప్పుడూ అనేదట. చివరి రోజుల్లో మంచం మీద కూడా ఒక సంగతి కనుక్కుని రమ్మందట. అది అడగడానికే ఇంత దూరం తానే వచ్చారట. ఆయన మా ఆయన వైపు తిరిగి అడిగారు. నేను మా భాషలో చెప్పాను.

"ఆ తల్లి ఎలా ఉంది అని అడుగుతున్నారు."

"ఏ తల్లి?" అన్నారు మా ఆయన. "ఎవరో అయ్యుంటుందిలే. బాగానే ఉందని చెప్పు."

అతిథుల ముందు నేనెప్పుడూ కూర్చోలేదు. కుర్చీ లాక్కుని బిషప్పుగారికి ఎదురుగా కూర్చుని, ఆయన భాషలో చెప్పడం మొదలుపెట్టాను. చాలాసేపు పట్టింది. మధ్యలో ఆయన కళ్ళజోడు తీసేశారు. నా చెయ్యి పట్టుకుని, ఆవిడ పేరు చెప్పారు. పదకొండేళ్ళలో ఆ పేరు వినడం అదే మొదలు.

"బాగానే ఉందని చెప్పడానికి ఇంతసేపా?" అన్నారు మా ఆయన.

"బాగాలేదని చెప్పానండీ" అన్నాను. "మన పాపకి ఈపాటికి ఎనిమిదేళ్ళు వచ్చేవని చెప్పాను."