దక్షిణం చూసిన గొడుగు

నేను ఒక గొడుగుని. వానకి పనికొచ్చే గొడుగుని మాత్రం కాను. చినుకు పడితే ఆ ఇంట్లో అందరికంటే ముందు తడిసేది నేనే. నా అసలు పేరు డిష్ యాంటెన్నా అట. ఇచ్ఛాపురంలో ఆ పేరుతో ఎవరూ నన్ను పిలిచిన పాపాన పోలేదు. "మీ ఇంటిమీద గొడుగు ఏ కంపెనీది?" అని అడిగితేనే అక్కడ జనానికి అర్థమవుతుంది. నాకు పేరు పెట్టినవాళ్ళు నా ఆకారం చూశారు గాని నా పని అడగలేదు. మనుషులు ఒకరి గురించి ఒకరు కూడా ఇలాగే తేల్చేసుకుంటారని తర్వాత తెలిసింది.

నేను పుట్టింది మద్రాసు దగ్గర ఒక కర్మాగారంలో. రేకుని మరలో పెట్టి ఒక్క నొక్కు నొక్కితే నేను వచ్చాను, ఇంకో నొక్కుకి నా చెల్లెలు. అదే బూడిదరంగు, అదే లోతు. సాయంత్రానికి ఒకామె వచ్చి నాకు 'గగన' అనే కంపెనీ స్టిక్కరు అంటించింది, చెల్లికి 'తారక' స్టిక్కరు అంటించింది. ఆ క్షణం నుంచీ మేమిద్దరం పోటీదారులమట! ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు. ఒకే లారీలో ఒకదాని ఒళ్ళో ఒకటి పడుకుని ఇచ్ఛాపురం చేరాం.

బస్టాండు ఎదురుగా కామేశు దుకాణం. అతను రెండు కంపెనీల సరుకూ అమ్ముతాడు. ఏది మంచిదని అడిగితే, "రెండూ మంచివే" అని, వచ్చినవాడి మొహం ఒకసారి చూసి, "మీకైతే మాత్రం..." అని మొదలుపెడతాడు. ఆ 'మీకైతే' తర్వాత వచ్చే కంపెనీ రోజుకోరకంగా ఉండేది. చూరుకి వేలాడుతూ నేను చెల్లీ నెలరోజులు ఆ వేడుక విన్నాం.

ఒకరోజు సింహాచలం వచ్చాడు. బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఏ పనైనా పదిమందిని అడిగి, పదిమందీ చెప్పింది కాదని పదకొండోది చేసే రకం. ఆయన వెనకే భార్య కుంతల నిలబడి ఉంది. టీవీ మీద ఆమెకేమీ మోజు లేదు. పొద్దున్నే జీడిపప్పు బట్టీకి వెళ్ళి చీకటిపడే వేళకి ఇల్లు చేరే మనిషి, ఇంక చూసేదెప్పుడు? ఆమెకి కావలసింది వేరే.

ఆ సంగతి చెప్పాలి. కుంతల పుట్టిల్లు ఒరిస్సాలో, చిలికా సరస్సు ఒడ్డున ఒక పల్లె. ఆ ఏటి తుపానుకి ఆ ఇంటి కప్పు ఎగిరిపోయింది. గోడలు మిగిలాయి, ఆ గోడల మధ్య ఆమె తల్లి శాంతిలత మిగిలింది. కుంతల తల్లితోనే పోట్లాడి ఆవిడని ఇచ్ఛాపురం తెచ్చుకుంది. ముసలావిడ ఒక రేకు ట్రంకుపెట్టెతో దిగింది. రోజూ అందులోంచి ఒక చీర తీసుకునేది, ఆరినది మళ్ళీ అందులోనే పెట్టేది, తాళం వేసేది. కుంతల బీరువాలో ఒక అర ఖాళీ చేసి పెట్టినా అటు చూడలేదు. "ఈ నెల ఉండి వెళ్ళిపోతాను" అనేది. ఎక్కడికి వెళ్తుంది, నెత్తిమీద కప్పులేని ఇంటికా? తాళం పడిన చప్పుడు విన్నప్పుడల్లా కుంతల చేతిలో పని ఆపి అటు చూసేది.

పగలంతా ఆ ఇంట్లో అత్తా అల్లుడూ ఇద్దరే. ముసలావిడకి తెలుగు వింటే అర్థమవుతుంది గాని మాట్లాడటం రాదు. సింహాచలానికి ఒరియా మంచినీళ్ళ ప్రాయం, ఆ సరిహద్దు ఊళ్ళో అందరికీ వచ్చు. కానీ వాళ్ళ ఆచారంలో అత్త అల్లుడి ఎదుట పెదవి విప్పకూడదు. ముసుగు లాక్కుని తలుపుచాటుకి తప్పుకోవాలి. ఒకరి భాష ఒకరికి తెలిసిన ఇద్దరు మనుషులు ఒకే కప్పుకింద రోజుకి పదిగంటలు మాటామంతీ లేకుండా గడిపేవారు. వేలమైళ్ళ అవతలి మాటలు పట్టితెచ్చే దాన్ని నేను. నాకిది వింతగా ఉండదూ?

"మాయమ్మ ఊర్లో పక్కింటి టీవీలో తెల్లారే పురాణం వినీది. ఓ ముసిలాయన సదివి అర్థం సెప్తాడు. అది తారకలోనే వొస్తాదంట. అదే ఎట్టించండి" అంది కుంతల దుకాణంలో.

"ఆగవే. అన్నీ సూడాల గదా!" అన్నాడు సింహాచలం.

వారంరోజులు చూశాడు. వీధివీధీ తిరిగి డాబాలమీద గొడుగుల్ని తలెత్తి పరీక్షించాడు. వానలో బొమ్మ ఆగిపోతుందా, తెలుగు సినిమాలు ఎన్ని, ఫోను చేస్తే పలుకుతారా అని ఎరిగిన ప్రతివాణ్ణీ అడిగాడు. గగన వాళ్ళు గగన గొప్పదన్నారు, తారక వాళ్ళు తారక గొప్పదన్నారు. ఎవరి పెళ్ళాం వాళ్ళకి రంభ. కానీ ఆ తిరుగుడులో ఆయన ఇంకెవరూ పట్టించుకోని సంగతి ఒకటి కనిపెట్టాడు. గగన గొడుగులన్నీ ఆగ్నేయానికి ఒరిగి ఉన్నాయి. తారక గొడుగులన్నీ తిన్నగా దక్షిణం చూస్తున్నాయి.

ఇంకేముంది, తేలిపోయింది. యముడి దిక్కుకి నోరు తెరుచుకున్నదాన్ని ఇంటి నెత్తిన పెట్టుకుంటాడా? "గగనలో కూడా ఒరియా చానలుంది" అని కామేశు అనడంతో పని మరీ సులువైంది. చెల్లి చూరుకే వేలాడింది, నేను సింహాచలం డాబా ఎక్కి ఆగ్నేయం చూశాను. నా తీగ వెంటిలేటరులోంచి గదిలోకి దిగింది. నా చూపు ఒక్కవైపే గాని వినికిడికి దిక్కుల్లేవు.

ఆ ఒరియా చానల్లో పొద్దస్తమానం సినిమా పాటలే. శాంతిలత తొమ్మిదిరోజులు మర్యాదకి చూసింది. ఎత్తుగా బీరువామీద పెట్టిన టీవీకేసి మెడ నిక్కించి చూసీ చూసీ, పదోరోజు పొద్దున్న కూతుర్ని పిలిచి, తన ఊరివైపు వెళ్ళే బరంపురం బస్సు ఎన్నిగంటలకని అడిగింది. పెట్టె అప్పటికే సర్ది ఉంది.

కుంతల ఆరోజు బట్టీకి వెళ్ళలేదు. ముప్ఫై ఏళ్ళలో మొగుడి మీద గొంతెత్తడం అదే మొదలేమో, ఆ గొంతు డాబాదాకా వచ్చింది.

"నానడిగింది ఒక్కటి. ఆ ఒక్కటీ ఎందుకు ఎట్టించలేదు?"

సింహాచలం గుట్టు విప్పాడు. "అది దచ్చినం మొకం గొడుగే. యముడి దిక్కు. ఇంటికి మంచిది కాదనీ..."

"ముప్పై ఏళ్ళు బస్సు దచ్చినానికే తోలీసినారు కదా! టెక్కలి దచ్చినమే, సీకాకుళం దచ్చినమే. ఒక్కనాడైనా యముడు సెయ్యెత్తి బస్సాపినాడేటి?"

ఆయన నోరు తెరిచేలోపు తలుపుచాటునుంచి ఒక నవ్వు వినబడింది. గలగలమని, ఊపిరి తిరగనంత నవ్వు. ఆ ఇంట్లో నేనెప్పుడూ వినని గొంతు అది. ముసుగు సర్దుకుంటూ శాంతిలత బయటికొచ్చింది. ఆచారం తలుపుచాటునే ఉండిపోయింది.

"జువాయీ" అంది. వాళ్ళ భాషలో అల్లుడని. "మా ఊరినుంచి చూస్తే మీ ఇచ్ఛాపురం దక్షిణమే. మరి నేను నా పిల్లని ఎవరికిచ్చాను?"

యముడనిపించుకున్నాక మనిషి ఏం చేస్తాడు? సింహాచలానికీ నవ్వొచ్చింది, కుంతలకీ వచ్చింది. చెప్పులు వేసుకుని కామేశు దుకాణానికి నడిచాడు.

"కొత్త గొడుగెందుకు బాబాయ్? రేకు రేకే. దీని ముందున్న డబ్బా మార్చి, ఇటు తిప్పీసి ఎట్టీస్తే సరి" అన్నాడు కామేశు డాబా ఎక్కి వచ్చి. నా గగన స్టిక్కరుని గోటితో గీకి, తారక స్టిక్కరు అంటించాడు. అలా ఒక్క మధ్యాహ్నంలో నాకు నేనే పోటీ కంపెనీనైపోయాను. ఏ కంపెనీ గొప్పదని వాదించుకునేవాళ్ళు కనబడితే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. నా సొట్టల్లో ఒక్కటి కూడా మారలేదు.

కామేశు నన్ను అంగుళమంగుళం దక్షిణానికి తిప్పుతూ, "వొచ్చిందా?" అని అరిచాడు. "రానేదురా" అని కిందనుంచి సింహాచలం. "ఇప్పుడు?" "వొచ్చింది... ఎలిపోనాది!" ఇంకో వెంట్రుకవాసి తిప్పగానే ఇద్దరి గొంతులనీ దాటుకుని ముసలావిడ కేక వినిపించింది. "ఆసిలా!"

వచ్చిందని. ఆవిడ ఆ ఇంట్లో బిగ్గరగా పలికిన మొదటిమాట అదే.

మర్నాడు తెల్లారి పురాణం మొదలైంది. మెడనొప్పిగా ఉందని, టీవీ కిందికి దించమంది శాంతిలత. దేనిమీద పెట్టాలని సింహాచలం అటూఇటూ చూస్తుంటే, ఆవిడే తన ట్రంకుపెట్టె తెరిచి, చీరలన్నీ తీసి కూతురి బీరువాలో ఖాళీ అరలో పెట్టి, పెట్టెని గోడకి జరిపింది. టీవీ దానిమీదికెక్కింది. కుంతల బట్టీకి వెళుతూ గుమ్మంలో నిలబడి ఆ పెట్టెని చూసి కళ్ళు తుడుచుకుంది.

పురాణం అరగంటే. అదైపోయాక అందులో ఆ ముసలాయన చెప్పిన అర్థం తప్పని అత్త, కాదు ఒప్పని అల్లుడు మధ్యాహ్నందాకా వాదించుకునేవారు. ఆలోచిస్తే ఆవిడని ఆపింది నేనో, ఆ వాదనో చెప్పలేను. ఘనత నాదేనని కంపెనీ అయితే చెప్పుకునేది.

ఎనిమిదేళ్ళు దక్షిణం చూశాను. యముడు ఒక్కసారీ కనబడలేదు. కిందటి నెల వీధిలోకి ఇంటర్నెట్ తీగ వచ్చింది. కామేశు నన్ను విప్పి డాబామీద వెల్లకిలా పడేశాడు. ఇప్పుడు నాలో కుంతల పిచ్చుకలకి నీళ్ళు పోస్తోంది. నా మొహం మొదటిసారి తిన్నగా పైకి ఉంది. ఆ దిక్కు మంచిదో కాదో సింహాచలం ఇంకా తేల్చలేదు.

ఆరోజే పల్చటి కొత్త టీవీ కూడా వచ్చింది. కామేశు గోడకి రంధ్రం వేయబోతుంటే సింహాచలం అడ్డం పడ్డాడు.

"గోడకొద్దురా. పెట్టిమీద బరువు తీసీసినావంటే మాయత్త ఎలిపోతాది."

గదిలోంచి శాంతిలత గొంతు వినిపించింది.

"ఎక్కడికి పోతాను, జువాయీ? ఆ పెట్టె తాళంచెవి ఎక్కడ పెట్టానో మరిచిపోయి ఏడేళ్ళయింది."