తుడిచిన బొమ్మ

తెలకపల్లి బడిలో అక్తర్ బేగం చిన్న పిల్లలకు చదువు చెప్పేది. పలక మీద బొమ్మ గీయించి, పక్కనే దాని పేరు రాయించేది. బొమ్మ పక్కన మాట ఉంటే పిల్లలకు అక్షరాలంటే బెదురు పోతుందని ఆమె నమ్మకం. అప్పట్లో సర్కారు బడంటే ఉర్దూ బడే, రాత కూడా ఉర్దూలోనే. మేక గీస్తే బక్రీ, ఇల్లు గీస్తే ఘర్.

ఆ రోజు తనిఖీకి పెద్దసాబు వస్తున్నాడని పొద్దున్నుంచీ ఆమెకు చేతులాడలేదు. బయట బండి ఆగిన చప్పుడు విని, గబగబా పలకలు చూసుకుంటూ పోయింది. నాగేంద్రమ్మ పలక మీద కొప్పు పెట్టుకున్న ఆడమనిషి, పక్కన తెలుగులో ఏదో రాత. అక్తర్ బేగానికి తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు.

"ఏందిది? నేను చెప్పింది గిట్లనా?"

పిల్ల నోరు తెరిచేలోగా కొంగుతో పలకంతా తుడిచేసింది. "జల్ది మేకను గియ్యి."

సాబు హాజరు అడిగాడు, చాయ్ తాగాడు, వెళ్లిపోయాడు. ఒక్క పలకైనా ముట్టలేదు.

మర్నాడు నాగేంద్రమ్మ బడికి రాలేదు. ఆ పైరోజూ రాలేదు. సాయంత్రం అక్తర్ బేగం వాళ్లింటికి పోయింది. తండ్రి హన్మంతు చొప్పమోపు దించి మంచం వాల్చాడు.

"పిల్లకు పాణం బాగలేదా, హన్మంతన్నా?"

"బాగనే ఉందమ్మా. వాళ్లమ్మ జోగులమ్మ ఎండకాలం జరమొచ్చి పోయె. ఆ పేరు రాసుడు నేనే నేర్పిన. బడిల అమ్మ బొమ్మ మంచిగ కుదిరిందంట, నాకు తెచ్చి చూపిద్దామనుకుందంట. మల్ల గీస్తే మొఖం గట్ల వస్తలేదని ఒకటే ఏడుపు."

అతను కోప్పడినా బాగుండేది. తల దించుకుని, "ఉర్దూల రాయాలని నేనన్న చెప్పకపోతి," అన్నాడు.

అక్తర్ బేగం మంచం మీద కూర్చోలేకపోయింది. మూలన మోకాళ్లలో తల పెట్టుకున్న పిల్ల ముందు కూలబడింది.

"తప్పు నాదే బిడ్డా. ఏం రాసినవని అడగాల్సింది, అడగలే. రేపు రా. నీకొచ్చిన అక్షరాలల్లనే రాయి. ఎవరొచ్చినా నేను చెప్పుకుంట."

నాగేంద్రమ్మ తలెత్తి చూసి, మళ్లీ మోకాళ్లలో తల పెట్టుకుంది.

మర్నాడు బడికైతే వచ్చింది. మేకను గీసి, పక్కన బక్రీ అని ఉర్దూలో తప్పు లేకుండా రాసింది.

"అమ్మను గియ్యవా?" జంకుతూ అడిగింది అక్తర్ బేగం.

"యాదికొస్తలేదు పంతులమ్మా," అని పిల్ల మేక ముందు గడ్డి గీయడంలో పడింది.

రాత బాగుందని చెప్పబోయింది అక్తర్ బేగం. ఆగి, కొంగు ఆ పలకకు తగలకుండా నడుముకు దోపుకుంది.