రోడ్డుకి అవతలి ఆఫీసు

"వీళ్ళందరికంటే నీ ఫోటోనే నయం అమ్మాయ్. నువ్వు కనీసం జుట్టయినా దువ్వుకుని ఉన్నావు," అంది ఓపల్, పేపరు కళ్ళజోడుకి దగ్గరగా పెట్టుకుని.

మార్లా పొయ్యి దగ్గర నిలబడి గ్రేవీ ఉండ కట్టకుండా కలుపుతోంది. శుక్రవారం పొద్దున ఆ పేపరు చదవనిదే అత్తగారికి ముద్ద దిగదు. పెట్రోలు బంకులో గల్లాపెట్టె పక్కన పెట్టి అమ్ముతారు దాన్ని. ఆ వారం బ్రాస్‌వెల్ కౌంటీలో పోలీసులు ఎవరెవరిని పట్టుకున్నారో వాళ్ళ ఫోటోలు వరసగా ఉంటాయి, కింద పేరు, ఆ కింద మోపిన నేరం. ఈ కౌంటీలో చర్చికి ఎగనామం పెట్టేవాళ్ళున్నారు గానీ ఈ పేపరు చూడనివాళ్ళు లేరు. "వీడు టైర్ల కొట్టువాడి బామ్మర్ది కాదూ?" "దీని తల్లీ ఇంతే, తల్లికి తగ్గ పిల్ల." కాఫీ కప్పు ఖాళీ అయ్యేలోపు ఓపల్ అందరికీ తీర్పు చెప్పేస్తుంది. జడ్జి చెప్పేది ఎవరికి కావాలి? ఒకసారి అందులోకి ఎక్కిన మొహం ఇక దిగదు.

మార్లా మొహం పదకొండేళ్ళ కిందట ఎక్కింది.

"పొద్దున్నే పాత గొడవలెందుకమ్మా," అంటూ గ్లెన్ వచ్చి భార్య భుజం మీద చెయ్యేశాడు. "అయిందేదో అయింది. నేనున్నాను కదా బంగారం. గ్రేవీలో ఇంకాస్త మిరియాల పొడి పడితే బాగుండేది."

గ్లెన్ ఎప్పుడూ గొంతు పెంచడు. చెయ్యెత్తడు. ఊళ్ళో ఆడవాళ్ళు తమ మొగుళ్ళ గురించి చెప్పుకుంటుంటే మార్లా తలొంచుకుని వింటుంది, తనకు చెప్పుకోవడానికి ఏమీ లేదు కనుక. పెళ్ళైన కొత్తలో ఆమె పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసేది. ఒక సోమవారం పనిలోకి వెళితే డాక్టరు ఆశ్చర్యపోయి, "నువ్వు మానేస్తున్నావని మీ ఆయన ఫోన్ చేశాడే," అన్నాడు. ఇంటికొచ్చి అడిగితే గ్లెన్ నవ్వి, "మన బండ్ల రిపేరు షెడ్డుండగా వాళ్ళ దగ్గర నౌకరీ ఏమిటి బంగారం," అన్నాడు. అంతే. షెడ్డులో ఫోన్లు ఎత్తింది, బిల్లులు రాసింది, గ్రీజు మరకల బట్టలు ఉతికింది. జీతం మాటెత్తితే, "ఇంట్లో మనిషికి జీతం ఏమిటి?" అని మళ్ళీ అదే నవ్వు. ఆ నవ్వు మీద కోపం తెచ్చుకోవడం ఆమెకు చేతకాలేదు. రెండేళ్ళు కుక్కిన పేనులా పడి ఉండి, ఒక ఎండపూట చిన్న సంచీ సర్దుకుని, వాకిట్లో ఉన్న పికప్ ట్రక్కు ఎక్కి, డేటన్‌లో ఉన్న అక్క దగ్గరికి బయల్దేరింది. కౌంటీ పొలిమేర బోర్డు కనపడుతుండగా వెనక పోలీసు దీపాలు వెలిగాయి. దొంగబండి అన్నారు. చేతులకు బేడీలు వేశారు. ఫోటో తీసేటప్పుడు, ఎందుకో, జుట్టు సవరించుకుంది.

సాయంత్రం గ్లెన్ వచ్చి పూచీ కట్టి విడిపించి తీసుకెళ్ళాడు. ఒక్క మాట అనలేదు. "ఏదో పొరపాటు పడ్డారు. నేను షెరీఫ్‌తో, అదే పోలీసు పెద్దాయనతో, మాట్లాడాను. కేసు సొరుగులో పడేశారు. నువ్వు మాత్రం కౌంటీ దాటకు, దాటితే తిరగదోడతారు," అన్నాడు. ఆ రాత్రి ఆమె అతని చేతులు పట్టుకుని ఏడ్చింది. అప్పట్నుంచి కౌంటీ దాటలేదు. అక్కకి పిల్లలు పుట్టారు, వెళ్ళలేదు. ఇది జరిగిన ఆరో ఏట డేటన్‌లోనే అమ్మ పోయింది. అమ్మని మట్టిచేసే వేళకి మార్లా ఇక్కడ సింకు ముందు నిలబడి ఓపల్ పళ్ళెం కడుగుతోంది. "నీ బాధ నాకు తెలుసు బంగారం, కానీ నిన్ను మళ్ళీ లోపల చూడలేను," అన్నాడు గ్లెన్. ఇంత ప్రేమించేవాడు ఎవరికి దొరుకుతాడు అనుకుంది.

ఈమధ్య బడిలో వంటమనిషి కావాలని చర్చి గోడకి కాగితం అంటించారు. మార్లా ఎవరికీ చెప్పకుండా దరఖాస్తు తెచ్చుకుంది. పేరు రాసింది, ఊరు రాసింది, ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయింది. 'ఏదైనా నేరానికి మీకు శిక్ష పడిందా?' పడిందా? తనకే తెలియదు. బేడీలు పడ్డాయి, పేపర్లో పడింది. ఊరంతా పడిందనే అంటుంది. గ్లెన్‌ని అడిగితే, "ఎందుకు బంగారం కావాలని అవమానాల పాలవడం? నీకెవరిస్తారు ఉద్యోగం?" అని తల నిమిరాడు.

ఆ శుక్రవారం షెడ్డుకి సామాన్లు తేవడానికి పికప్‌లో టౌనుకి వెళ్ళింది. సామాన్ల కొట్టు పక్క వీధిలోనే షెరీఫ్ ఆఫీసు. ఎన్నోసార్లు దాని ముందునుంచే, తల తిప్పుకుని పోయింది. ఈసారి బండి ఆపింది. పొద్దున్న ఓపల్ అన్న మాట ఇంకా మనసులోంచి పోలేదు.

కిటికీ వెనకున్న పెద్దావిడ పేరు ఈవెట్. ఛాతీ మీద పేరు బిళ్ళ ఉంది. "ఏం కావాలి తల్లీ?"

"నేను... నాకు శిక్ష పడిందో లేదో తెలుసుకోవాలండీ."

ఈవెట్ నవ్వలేదు. అలా అడిగేవాళ్ళని చాలామందిని చూసినట్టుంది. "మా దగ్గర అరెస్టు వరకే దొరుకుతుంది. అరెస్టంటే పట్టుకున్నారని. తప్పు చేశారని కాదు. ఆ తర్వాత ఏమైందో కోర్టు గుమాస్తా చెబుతుంది. అదిగో, రోడ్డుకి అవతల."

"రెండూ ఒకటి కాదా?"

"ఈ ఊళ్ళో సగంమంది అలాగే అనుకుంటారు తల్లీ. జనం ఇక్కడిదాకా వచ్చి, చూసి, నాలుగు నోళ్ళలో వేసి పోతారు. రోడ్డు దాటేవాళ్ళు ఎవరు? ఉండు, నీది తీస్తాను. ఎవరైనా అడిగి తీసుకోవచ్చు ఇది, నువ్వు భయపడక్కర్లేదు."

ఎవరైనా అడిగి తీసుకోవచ్చట. పదకొండేళ్ళూ ఇది ఇక్కడే ఉంది, తాళం కూడా లేదు. కాగితం చేతికొచ్చింది. తన పేరు. తేదీ. అనుమతి లేకుండా వాహనం తీసుకెళ్ళడం. ఆ కింద ఇంకో గడి ఉంది, ఫిర్యాదు చేసినవారు అని. అందులో గ్లెన్ పేరు ఉంది. పక్కనే షెడ్డు ఫోన్ నంబరు. ఆ నంబరుకి వచ్చిన ప్రతి ఫోనుకీ "నమస్కారం, ఏం సాయం కావాలి" అన్నది మార్లాయే.

"ఇది పొరపాటేమో," అంది.

ఈవెట్ కాగితం తిప్పి మరోవైపు చూపించింది. "ఆయన చెప్పిందే రాస్తారు తల్లీ. చదువుకో." అక్కడ నాలుగు వరసలు ఉన్నాయి. తన పికప్ ఎవరో ఎత్తుకెళ్ళారని, ఉత్తరంగా డేటన్ వైపు వెళుతూ ఉండొచ్చని ఫిర్యాదుదారు ఫోన్‌లో తెలిపారు. ఎవరో! డేటన్ వెళుతున్నది ఎవరో అతనికి తెలియదా?

మార్లా రోడ్డు దాటింది. నిజానికి నాలుగు అడుగులు కూడా లేని రోడ్డు అది, అటూ ఇటూ బండి కూడా రావడం లేదు, అయినా రెండువైపులా రెండుసార్లు చూసుకుంది. కోర్టు గుమాస్తా కుర్రపిల్ల, చకచకా మాట్లాడే మనిషి. "కొట్టేశారండీ. ఎప్పుడో కొట్టేశారు. మీరు కోర్టుకి రావాల్సిన తేదీ కూడా రాకముందే. బండి కాగితాల మీద భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉన్నాయట. తన బండి తను తీసుకెళితే దొంగతనం ఎలా అవుతుందని ప్రాసిక్యూటరే వదిలేశారు. మీ చిరునామాకి ఉత్తరం కూడా వేశాం కదండీ?"

ఇంటి ఉత్తరాలన్నీ పోస్టాఫీసులో షెడ్డు పెట్టెకే వస్తాయి. పెట్టె తాళంచెవి గ్లెన్ దగ్గర ఉంటుంది. "నువ్వెందుకు బంగారం అంత దూరం?" అని.

"కౌంటీ దాటకూడదని ఏమైనా ఉందా?" అని అడిగింది.

"లేదే! అలాంటిదేమీ లేదు. ఎవరు చెప్పారు మీకు?"

మార్లా చేతిలో ఉన్న అరెస్టు కాగితం మళ్ళీ చూసుకుంది. ఆ పిల్ల కాస్త జాలిపడి, "కొట్టేసిన కేసు కదండీ, రికార్డులోంచే తీయించుకోవచ్చు. దరఖాస్తు ఇవ్వనా? అసలు మిమ్మల్ని పట్టుకున్నట్టే ఉండదు," అంది.

"ఫిర్యాదు చేసినవాళ్ళ పేరు?"

"అదీ పోతుందండీ. మొత్తం పోతుంది."

"అయితే ఉండనివ్వండి," అంది మార్లా. "కొట్టేసినట్టు కాగితం నకలొకటి ఇవ్వండి చాలు."

పికప్‌లో కూర్చుని ఎంతసేపో తాళం తిప్పలేదు. కంచే చేను మేసిందని ఎవరికి చెప్పుకోవాలి? ఇన్నాళ్ళూ తను ఆ ఇంట్లో చేసింది చాకిరీ అనుకోలేదు, రుణం తీర్చుకోవడం అనుకుంది. ఓపల్ కాలిగోళ్ళు తీసినా, జ్వరంతో ఉండి గ్రీజు బట్టలు పిండినా, మంచం మీద ఇష్టం లేని రాత్రి అటు తిరిగి పడుకోకపోయినా, అన్నిటికీ ఒకటే జవాబు. పాపం, నన్ను విడిపించాడు కదా. ఊబిలోకి తోసినవాడే చెయ్యి అందిస్తే, ఆ చేతిని కళ్ళకద్దుకుంది. జైలు గది కాదు ఆమెని ఏడిపించింది, ఆ రాత్రి అతని చేతులు పట్టుకుని ఏడ్చిన ఏడుపు. దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఏ ఆఫీసులోనూ దరఖాస్తు లేదు. అమ్మ గుర్తొచ్చింది. అప్పుడు గట్టిగా, నోరు తెరిచి, స్టీరింగు మీద తలపెట్టి ఏడ్చింది.

సామాన్లు తీసుకునే ఇంటికి వెళ్ళింది. చికెన్ వేయించింది, బీన్సు ఉడికించింది. ముగ్గురూ భోజనానికి కూర్చున్నాక, పొద్దుటి పేపరు మీద రెండు కాగితాలు పెట్టి ఓపల్ ముందుకి జరిపింది.

"ఇవాళ్టి పేపర్లో పడనిది ఒకటుంది అత్తయ్యా. పైకి చదవండి."

ఓపల్ ఉత్సాహంగా కళ్ళజోడు సర్దుకుంది. "ఎవరిదీ? నీదేనా! మార్లా అని... అనుమతి లేకుండా వాహనం... తెలిసిందేగా. ఫిర్యాదు చేసినవారు..." మళ్ళీ చదువుకుంది, ఈసారి పెదాలు మాత్రమే కదిలాయి. "గ్లెన్, ఇందులో నీ పేరెందుకుందిరా?"

గ్లెన్ ఫోర్కు కింద పెట్టాడు. తల్లిని కాదు, భార్యని చూశాడు. "నిన్ను పోగొట్టుకోలేక చేశాను బంగారం. అంతకంటే ఏం లేదు. తిరిగి తెచ్చుకున్నానా లేదా?"

"మా అమ్మ పోయినప్పుడు కూడానా?"

ఓపల్ రెండో కాగితం తీసింది. శుక్రవారాలు ఊరందరివీ చదివే గొంతుతోనే, కాకపోతే బాగా నెమ్మదిగా, చివరిదాకా చదివింది. "కేసు కొట్టివేయడమైనది." చదివి కాగితం మడవకుండా అలాగే పట్టుకుని కూర్చుంది. "పదకొండేళ్ళు నేను దాన్ని దొంగ అన్నానురా," అంది ఎవరితోనో.

మార్లా చేతులు కడుక్కుంది. పళ్ళేలు తియ్యలేదు. తలుపు పక్క కొక్కేనికున్న పికప్ తాళాలు తీసుకుంది, ఓపల్ చేతిలోంచి కాగితాలు తీసి సంచీలో పెట్టుకుంది. గ్లెన్ లేచి నిలబడ్డాడు.

"ఎక్కడికి బంగారం? చీకటిపడుతోంది. బండి పొద్దున్న నాకు కావాలి."

మార్లా గడప దగ్గర ఆగి, గోడకున్న ఫోన్ వైపు చెయ్యి చూపించింది.

"ఫోన్ చెయ్యి గ్లెన్. షెరీఫ్ నంబరు నీకు తెలుసుగా. డేటన్ వైపే వెళుతున్నానని చెప్పు. బండి ఎవరిదని అడుగుతారు, ఈసారైనా నిజం చెప్పు."