కత్తెర పడని తూర్పు వైపు

పూలు వాడడం మొదలైందంటే చాలు, అత్త పొద్దున్నే పీట పట్టుకుని గోడ వారకు చేరుతుంది. ఇంటికి తూర్పున కొంత, పడమట కొంత, గోడ మొదట్లో రాళ్ళు పేర్చి, ఆ సందుల్లో ఆవిడ పెంచే మొక్క ఒకటుంది. జానెడు ఎత్తు మించదు. రాళ్ళ మీద చాపలా పరుచుకుని చిన్న చిన్న ఊదాపూలు పూస్తుంది. ఏటా నాటే పని లేదు, చలికి ముడుచుకుని ఎండకు దానంతటదే చిగురిస్తుంది. దాని అసలు పేరేమిటో ఆవిడకూ తెలీదు. రాళ్ళపూలు అంటుంది, అంతే.

పూత అయిపోగానే పైనుంచి మూడో వంతు కత్తిరించాలి. ఆకులున్నంత మేరే కొయ్యాలి, కింద ముదిరిన కాడల జోలికి పోకూడదు. ఈ రెండు ముక్కలూ ఆవిడ ఎంతమందికి చెప్పిందో! కత్తిరించకపోతే ఏమవుతుందంటారా? మొక్కకు నడినెత్తిన బట్టతల వస్తుంది. ఇల్లు లేచిపోతుంది.

లేవడమంటే మరీ ఎగిరిపోదు లెండి. పూత నిండుగా ఉన్నప్పుడు వేళ్ళు పునాది కింద ఒళ్ళు విరుచుకుంటాయి, ఇల్లు బెత్తెడు లేస్తుంది. కత్తిరిస్తే మళ్ళీ బుద్ధిగా కూర్చుంటుంది. వదిలేస్తే మాత్రం లేస్తూనే ఉంటుంది. అత్త చెల్లెలు ఒక ఏడాది బద్ధకించి, చివరికి కూరలు కొనడానికి నిచ్చెన వేసుకుని దిగాల్సొచ్చింది. ఆ సంగతి తలుచుకుని అత్త ఇప్పటికీ నవ్వుతుంది.

"ఏం పెద్దమ్మగారూ, ఇల్లింకా దించలేదా?" అన్నాడు పాలవాడు, గుమ్మం మీదికి కాలెత్తి వేస్తూ.

"దించుతానయ్యా, మా మహారాణి కత్తెర ఇస్తేగా!"

మహారాణి అంటే కోడలు. రఫూ పని చేస్తుంది. కోటుకో శాలువాకో చిరుగు పడితే అచ్చంగా అదే రంగు దారం వెతికి, చిరిగిన జాడ లేకుండా అల్లేస్తుంది. ఆమె బట్టల కత్తెరతో అత్త మొక్కలు కొయ్యడం, కత్తెర మొద్దుబారడం, ఇద్దరూ ఒక పూట మూతులు ముడుచుకోవడం, ఇదీ ఏటా జరిగే తంతు. కొడుకు బస్సు డ్రైవరు. ఆ పూట తప్పకుండా అతనికి అదనపు ట్రిప్పు పడుతుంది.

ఈసారి అడగ్గానే ఇచ్చేసింది కోడలు. "మీరే ఉంచుకోండి అత్తయ్యా. ఇక నాకు దీంతో పనేముంది."



అంతా ఆ గోడ వల్ల వచ్చింది. పక్కింటి పళ్ళ డాక్టరు ఎక్స్‌రే గది కట్టించాడు. మనిషి మంచివాడే, తన స్థలంలో తను కట్టుకున్నాడు. దానికి గోడ మందంగా ఉండాలట. ఆ గోడ సరిగ్గా కోడలు కూర్చునే తూర్పు కిటికీకి అడ్డంగా, పై అంచు దాకా లేచింది. గదికి ఇంకో కిటికీ లేదు. పట్టపగలే ట్యూబులైటు వేసుకోవాల్సొచ్చింది, ట్యూబులైటు కింద రంగులు అబద్ధాలాడతాయి. నిన్న బ్యాండు వాయించే ఆయన కోటు వెనక్కి తెచ్చాడు. ముదురు నీలం కోటుకు నల్లదారం పడింది.

"అందరం ఒకే రంగు కోట్లేసుకుని వరసగా నిలబడతాం తల్లీ. మోచేతి మీద ఇంత నల్లమచ్చ పెట్టుకుని నేనెలా వాయించను?" అన్నాడాయన. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. సోమవారం వస్తానని కోటు వదిలి వెళ్ళాడు.

"పెద్ద లాండ్రీలో ఇస్త్రీకి మనుషులు కావాలట. సోమవారం నుంచి రమ్మన్నారు" అంది కోడలు. "మా నాన్న చేతి పని అత్తయ్యా ఇది. ఆయన పోయాక నాకు మిగిలింది ఇదొక్కటే." ఇక ఆపుకోలేక ఏడ్చేసింది.

అత్తకు ఓదార్చడం చేతకాదు. "ఏడిస్తే సూదులు తుప్పు పడతాయి, లే" అని విసురుగా బయటికొచ్చేసింది. ఒళ్ళంతా కోపం. గోడ మీద కోపం, డాక్టరు మీద కోపం, ఏం చెయ్యాలో తోచని తన మీద కోపం. ఆ ఊపులో పడమటి వైపు మొక్కలన్నీ కత్తిరించి పారేసింది. తర్వాత పీట ఎత్తుకుని తూర్పు వైపుకు వెళ్ళింది. ఒక గుబురు చేత్తో పట్టుకుని, కత్తెర తెరిచి, తలెత్తి కిటికీ చూసింది. గోడ చూసింది. కత్తెర మూసేసింది.

"అమ్మా, ఇటు వైపు మర్చిపోయావు" అన్నాడు డ్యూటీ నుంచి వచ్చిన కొడుకు.

"నేనా మర్చిపోయేది? ఆ మట్టి తట్ట ఇలా పట్రా."

కత్తిరించని గుబుర్ల నడుమ గుప్పెడు గుప్పెడు మట్టి కూరింది. కాడలు అక్కడే వేళ్ళు వేస్తాయి, అది బట్టతల రాకుండా కాస్త ఆపుతుంది.

"ఇటు లేచి అటు దిగితే ఇల్లు ఏటవాలైపోదూ? పిన్నికి తెలిస్తే ఊరంతా చెప్పుకుని నవ్వుతుంది" అన్నాడు కొడుకు.

"నవ్వనీరా! నా మోకాళ్ళకు పడమటి గుమ్మం నేల మీదుంటే చాలు."

శనివారానికి చెంబు పెట్టిన చోట నిలవడం మానేసింది. ఆదివారం మంచానికి రెండు కాళ్ళ కింద ఇటుకలు పెట్టారు. కొడుకు గోడ పట్టుకుని స్నానానికి వెళ్తూ, "ఘాట్ రోడ్డు డ్యూటీ వద్దని డిపోలో బతిమాలుకుంటే, నువ్వు ఇంట్లోనే వేశావామ్మా!" అన్నాడు.

సోమవారం పొద్దున కోడలు లాండ్రీకి బయల్దేరుతూ జడ వేసుకుంటోంది. కిటికీ సగానికి పైగా గోడను దాటి ఉంది. ఎండ నేరుగా బల్ల మీద పడింది, దారాల డబ్బా మీద పడింది. రాత్రి వరకూ జంట నల్లదారాల్లా ఉన్న రెండు ఉండల్లో ఒకటి నలుపు, ఇంకోటి ముదురు నీలం.

సగం జడతోనే కూర్చుంది. సూదితో నల్లదారం పోగు పోగూ విప్పింది. కత్తెర కోసం తడుముకుని, అత్త దగ్గరుందని గుర్తొచ్చి, నీలం దారం పళ్ళతో తెంపింది. మళ్ళీ తలెత్తేసరికి లాండ్రీ వేళ ఎప్పుడో దాటిపోయింది. అత్త తలుపు చాటునుంచి చూసి, పిలవకుండా కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి, అది జారకుండా పక్కనో రాయి పెట్టి వెళ్ళింది.

మధ్యాహ్నం బ్యాండాయన వచ్చాడు. కోటు వెలుగులోకి పట్టుకుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"చిరుగెక్కడమ్మా?"

చూపించబోయి ఆమె కూడా వెతుక్కుంది. ఎంత వెతికినా దొరకలేదు. నవ్వొచ్చేసింది. ఆ నవ్వులో మోచెయ్యి తగిలి నీలం దారపు ఉండ కింద పడి, వాలు గదిలో దొర్లుకుంటూ వంటింటి గుండా పడమటి గుమ్మం దాటి రాళ్ళలోకి పోయింది.

"ఏమేవ్, నీ దారం నా మొక్కల్లో పడింది!" అని అరిచింది అత్త.

"వస్తున్నానత్తయ్యా! ఆ కత్తెర కూడా తీసి ఉంచండి, నాకు పనుంది."